రాత్రి పన్నెండు దాటితే ఫెయిలయ్యే టెస్టు

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, బళ్ళో చదివింది ఒడియా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. రెండు లిపులతోనూ పని పడే ఊరు కాబట్టి సరదాగా పైథాన్ భాషలో ఓ చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్) మొదలుపెట్టాను. తెలుగు మాటను ఒడియా లిపిలోకి, ఒడియాను తెలుగులోకి మారుస్తుంది, ఇవాళ్టి తేదీని రెండు భాషల్లో రాసిపెడుతుంది. పగలు కొట్టు, రాత్రి కోడ్. తోడుగా బరంపురంలో ఒక అన్న, పాతపట్నంలో చదువుకుంటున్న ఒక తమ్ముడు.

మా కోడ్ గిట్‌హబ్ సైటులో ఉంటుంది. ఎవరు మార్పు పంపినా, కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు ఆ సైటు మెషీన్ల మీద, గిట్‌హబ్ యాక్షన్స్‌లో, వాటంతటవే నడుస్తాయి. నడవడానికి 40 నిమిషాలు, చివర్లో ఎర్ర గుర్తు, అంటే ఫెయిల్. "అన్నయ్యా, మళ్ళీ రన్ కొట్టేయ్, పాసైపోద్ది" అనేవాడు తమ్ముడు. నిజంగానే చాలాసార్లు పాసయ్యేది. అలా నెలలు గడిపేశాం. ఎరుపు చూస్తే భయం పోయింది, అసలు ప్రమాదం అదే.

మెషీన్లు చాలట్లేదేమో అనుకున్నాను. కొట్లో ఉన్న పాత కంప్యూటర్‌ని సొంత రన్నర్‌గా, అంటే టెస్టులు నడిపే మెషీన్‌గా, పెడదామని సగం సిద్ధమయ్యాక గిట్‌హబ్ డాక్యుమెంటేషన్ చదివితే, మాలా అందరికీ తెరిచి ఉన్న పబ్లిక్ ప్రాజెక్టులకు అది వద్దని గట్టిగా రాసి ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపిన కోడ్ కూడా నా మెషీన్ మీద నడవొచ్చు. అదే మెషీన్లో కొట్టు అప్పుల లెక్కలున్నాయి. ఆ ఆలోచన అక్కడితో సరి.

ఇక చేసేది లేక ఓ ఖాతా పుస్తకం తీసి, గత రెండు నెలల ఫెయిల్యూర్లన్నీ టైముతో సహా రాసుకుంటూ కూర్చున్నాను. "పన్నెండయిపోనాది, ఇంకా పడుకోలేదేట్రా?" అని అమ్మ లోపల్నుంచి కేకేసింది. ఆ పన్నెండే తేల్చింది. తేదీ టెస్టు పడిపోయిన ప్రతిసారీ టైము రాత్రి పన్నెండుకీ తెల్లవారుజాము ఐదున్నరకీ మధ్యే. మా కోడ్ భారత కాలమానంలో తేదీ చెబుతుంది. టెస్టు మాత్రం తను నడిచే మెషీన్‌ని అడుగుతుంది. గిట్‌హబ్ మెషీన్లు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకి తారీఖు మారినా వాటికి ఇంకా నిన్నే. నా ల్యాప్‌టాప్‌లో రెండూ ఒకటే కనక ఎప్పుడూ పాస్. పగలు పనిచేసే బరంపురం అన్నకి ఇది ఒక్కసారీ తగల్లేదు, రాత్రి కూర్చునే నాకే తగిలేది. ఇప్పుడు టెస్టుకి తేదీ మేమే ఇస్తున్నాం.

రెండోది విండోస్. ఊళ్ళ పేర్ల ఫైలు ఒకటుంది. అందులో రాయగడ, పలాస, నౌపడ, కాశీనగరం, అంతే. తమ్ముడు వాళ్ళ ఊరు చేర్చగానే విండోస్‌లో టెస్టు కూలింది. తీసేస్తే పాస్! "మా ఊరంటే దానికి పడదేమో" అన్నాడు పాపం. చూస్తే, ఆ ఫైలు తెరిచేచోట ఎన్‌కోడింగ్ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పద్ధతి) రాయలేదు. అలా వదిలేస్తే మేం వాడిన పైథాన్ ఆ విండోస్ మెషీన్లలో సీపీ1252 అనే పాత ఇంగ్లీషు అక్షరాల పట్టిక పట్టుకునేది. అన్ని లిపులకీ పనికొచ్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో మన పొల్లు మూడు బైట్లు, చివరిది 8డి. కొమ్ము చివరి బైటు 81. ఆ పట్టికలో ఈ రెండు గళ్ళూ ఖాళీ. పట్నంలో వత్తు ఉంది, వత్తంటే కంప్యూటర్‌కి పొల్లూ దాని వెనక అక్షరమూ, కనక ఆగిపోయింది. మిగతా నాలుగు ఊళ్ళ పేర్లలో వత్తూ లేదు, కొమ్మూ లేదు, అందుకే చెత్తగా చదివి, చెత్తగానే తిరిగి రాసి, పాసైపోయాయి. నాకు కోపం వచ్చింది కూలిన టెస్టు మీద కాదు, పాసైన వాటి మీద. మొత్తం కోడ్ వెతికి యూటీఎఫ్-8 అని రాశాం.

మూడోది నెట్ నుంచి పదాల జాబితా దించుకునే టెస్టు. జాబితాని ప్రాజెక్టులోనే పెట్టేశాం, గొడవ వదిలింది.

ఆ తర్వాతే అసలు సర్దుడు. ఐదు పైథాన్ వెర్షన్లు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ప్రతి మార్పుకీ 15 జాబులు, అంటే విడివిడి టెస్టు రన్లు, నడిచేవి. బరంపురం అన్న ఒక్కటీ తీయనివ్వడు. చివరికి రాజీపడ్డాం. ప్రతి మార్పుకీ మూడే: లినక్స్‌లో పాత వెర్షన్, కొత్త వెర్షన్, విండోస్‌లో కొత్తది. మొత్తం పదిహేనూ రోజుకోసారి, రాత్రి రెండింటికి. షెడ్యూల్లో మాత్రం 20:30 అని రాశాం, అదీ యూటీసీయే మరి. పబ్లిక్ ప్రాజెక్టులో 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఆ షెడ్యూల్ ఆగిపోతుంది, పండగలకి పనాపేసే మాలాంటివాళ్ళు గుర్తుంచుకోవాలి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ళ చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్ (టెస్టుల్లో వాడుకునే బయటివాళ్ళ కోడ్) ట్యాగులను, అంటే వెర్షన్ పేర్లను, ఎవరో చెడ్డ కోడ్ వైపు తిప్పేశారు కదా, అందుకని బయటి యాక్షన్లకి ట్యాగు కాకుండా, మార్చడానికి వీల్లేని పూర్తి కమిట్ సంఖ్యే రాశాం.

ఇప్పుడు ఆరు నిమిషాల్లో ఫలితం వచ్చేస్తోంది. మొన్న ఎర్ర గుర్తు పడితే తమ్ముడు రీరన్ కొట్టలేదు, "ఏం పాడుచేశానన్నయ్యా?" అని ఫోన్ చేశాడు. నిజంగానే పాడుచేశాడు.

ఒక్క టెస్టు మాత్రం ఎప్పటికీ పాసవదు. ఒడియా లిపిలో హ్రస్వ ఎకి వేరే అక్షరం లేదు. 'ఎలుక' ఒడియాకి వెళ్ళి తిరిగొచ్చేసరికి 'ఏలుక' అవుతుంది. దాన్ని తీసేయబుద్ధి కాక, ఫెయిలవుతుందని ముందే రాసి ఉంచాం. రోజూ రాత్రి రెండింటికి ఒక పసుపు గుర్తు పెట్టి పోతుంది.