డిసెంబరు లెక్క: 25 తెల్లవారుజాము నుంచి వెనక్కి

మా గుళ్లో క్రిస్మస్ ఆరాధన తెల్లవారుజామున నాలుగున్నరకు. ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం. పిల్లలకు ఒకరికి ఏడేళ్లు, ఒకరికి నాలుగు. ఇలాంటి ఇంట్లో డిసెంబరును ఒకటో తేదీ నుంచి ముందుకు నడిపితే 20 వచ్చేసరికి ఎక్కడి పని అక్కడే ఉంటుంది. అందుకే నేను 25 నుంచి వెనక్కి లెక్క వేస్తాను. నాలుగున్నరకు బెంచీ మీద కూచోవాలంటే నాలుగుంబావుకు ఇల్లు దాటాలి. దానికి పిల్లల్ని మూడున్నరకు లేపాలి, ముందు రాత్రి ఎనిమిదికి పండబెట్టాలి. కాబట్టి 24 సాయంత్రం పొయ్యి మీద నూనె మూకుడు ఉండకూడదు. పిండివంటలన్నీ దానికి ముందున్న ఆదివారానికి అయిపోవాలి. 2025లో 25 గురువారం వచ్చింది, ముందు ఆదివారం 21. 2026లో శుక్రవారం వస్తుంది, ఆదివారం 20. మిషన్ బడి కాకపోతే సెలవు ఆ ఒక్కరోజే ఉండొచ్చు, బడి క్యాలెండరు నవంబరులోనే చూసిపెట్టుకోవాలి.

ఇలా వెనక్కి లెక్కేస్తే అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని బట్టలు. కడపలో వై.వి. స్ట్రీట్‌లో గుడ్డ కొనడానికి గంట చాలు, కుట్టించడానికే నెల పడుతుంది. మా టైలరు డిసెంబరు మొదటి వారం దాటితే కొత్త గుడ్డ ముట్టుకోడు, అందుకని నవంబరు 20 లోపల ఇచ్చేస్తాం. పాప గౌనుకు లోపల రెండు అంగుళాల మడత వదలమని చెప్పాలి, లేకపోతే వచ్చే ఏడాదికి పనికిరాదు. నెట్ గౌను అయితే లోపల పల్చటి నూలు లంగా తప్పనిసరి. అది లేకుంటే ఆరాధన మధ్యలో గోక్కోవడం మొదలవుతుంది. కొత్త బూట్లు 25నే మొదటిసారి తొడిగితే మడమ కొరుకుతాయి. 22, 23 సాయంత్రాలు ఇంట్లోనే అరగంట వేసి తిప్పితే సరిపోతుంది.

లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. వాళ్ల క్రైస్తవ సంఘాలు 1947లో సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిశాయి. మా ఇంట్లో అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు, పాటించే అలవాటు ఆ దారిన వచ్చిందే. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం అడ్వెంట్ మొదలు: 2025లో సరిగ్గా 30, 2026లో 29. నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు, మూడు ఊదావి, మూడో ఆదివారానికి ఒకటి గులాబీది. ఊదా కొవ్వొత్తులు దొరక్కపోతే తెల్లవే తెచ్చి అడుగున ఊదా రిబ్బను కట్టండి. వత్తి దగ్గర కాదు, సగం కంటే కిందకి. ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి నిలబెడితే పిల్లోడు తగిలినా ఒరగవు.

ఇక నక్షత్రం. బజారులో ప్లాస్టిక్‌ది కొని తగిలించడం పది నిమిషాల పని, నేనేమీ తప్పుపట్టను. అయినా ఇది పిల్లలు కూడా చెయ్యి పెట్టగలిగిన పని, అందుకే వెదురుతో ఇంట్లోనే చేస్తాం. మూడడుగుల వెదురు బద్దలు పది, ఆరంగుళాల పుల్లలు ఐదు కావాలి. బద్దలు చిటికెన వేలి మందంలో సగం ఉండాలి, మందమైతే వంగవు. బద్దల అంచులకు ఉప్పుకాగితం పట్టించాకే పిల్లల చేతికివ్వాలి.

ప్రతి బద్దకూ రెండు చివర్ల నుంచి 13 ముప్పావు అంగుళాల దగ్గర పెన్సిలు గీత పెట్టాలి. పని మొత్తానికి కీలకం ఆ గీతే. చెయ్యెత్తకుండా గీసే నక్షత్రం పిల్లలకు తెలుసు కదా, ఐదు బద్దల్ని అదే వరసలో ఒకదాని మీద ఒకటి వేసి కొనలు కట్టాలి. బద్దలు దాటుకునే ఐదు చోట్లా గీత మీద గీత కూచుంటే నక్షత్రం కొలత లేకుండానే సరిగ్గా వస్తుంది. కూచోకపోతే ఎక్కడో కొన జారిందని అర్థం. ముందు రబ్బరు బ్యాండ్లతో పట్టించి, గీతలన్నీ కుదిరాక పురికొసతో బిగించండి. బైండింగ్ వైరు వద్దు. దాని కొసలు వేళ్లకూ గుచ్చుకుంటాయి, తర్వాత కాగితాన్నీ చింపుతాయి.

ఇలాంటివే రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలు మాత్రమే కలిపి కట్టాలి. లోపలి ఐదు దాటుల దగ్గర రెండు చట్రాల నడుమ ఆరంగుళాల పుల్లలు నిలువుగా దూర్చితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. పుల్లలు దూర్చేటప్పుడు పెద్దవాళ్లిద్దరు పట్టుకోవాలి. ఒక్కడే చేస్తే నాలుగో పుల్ల పెట్టేలోపు మొదటిది ఊడిపోతుంది.

కాగితం గాలిపటాలదే మేలు. వెలుతురు బాగా వస్తుంది, బరువుండదు. జిగురుకు గ్లాసు నీళ్లలో రెండు పెద్ద స్పూన్ల మైదా కలిపి, ఉండలు లేకుండా అద్దంలా మెరిసేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో దాని ఊసే వద్దు. నక్షత్రానికి మొత్తం 22 ముక్కలు: ముందు ఐదు త్రిభుజాలు, నడుమ ఒక పంచభుజి, వెనక అంతే, పక్కలకు పది సన్న ముక్కలు. ఇందులో వెనక పంచభుజి అతికించకండి. బల్బు పెట్టడానికి, మార్చడానికి, వేడి పోవడానికి అదే దారి. పై కొన కిందుగా ఉండే రెండు పుల్లలకు అడ్డంగా తాడు కట్టి, దానికి హోల్డరు వేలాడదీస్తే బల్బు సరిగ్గా నడుమకు వస్తుంది. 5 వాట్ల ఎల్‌ఈడీ చాలు. పాత 60 వాట్ల బల్బు పెడితే కాగితం వేడికి గోధుమరంగు తిరుగుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. మనకు డిసెంబరులో కూడా తుపాను వాన తగులుతుంది, కాబట్టి కాగితం నక్షత్రాన్ని మిద్దె మీద ఎగరేయొద్దు. వరండా సజ్జ కిందే కట్టి, వైరు అతుకులకు టేపు చుట్టండి.

యేసు పుట్టుకను చూపే బొమ్మల పశువుల పాకకు థర్మకోలు వాడటం మానేశాం. పాత చెప్పుల డబ్బా, గుప్పెడు వరిగడ్డి చాలు. దాని ముందు పచ్చికకు రాగులే. 15 పొద్దున గుప్పెడు రాగులు నానబెట్టి, సాయంత్రం గుడ్డలో మూట కట్టి, 16న వెడల్పు పళ్లెంలో వేలెడు మట్టి మీద వత్తుగా చల్లాలి. పైన మట్టి కప్పక్కర్లేదు. రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే 24కు రెండు మూడు అంగుళాల పచ్చిక లేస్తుంది. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోయి బూజు పడుతుంది, అందుకని నాలుగేళ్లదానికి చెంబు ఇవ్వకుండా స్ప్రే సీసా ఇస్తాం. బాలయేసు బొమ్మ 24 రాత్రి దాకా బీరువాలోనే. బాలయేసును చూడవచ్చిన తూర్పు జ్ఞానుల బొమ్మలను ఇంటికి ఆ చివర కిటికీలో పెట్టి రోజుకో జానెడు జరిపిస్తాం, జ్ఞానుల పండుగైన జనవరి 6కు పాక చేరుకుంటారు. మత్తయి సువార్తలో జ్ఞానులు ముగ్గురని లేదు, కానుకలు మాత్రమే మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. కాబట్టి ఒక బొమ్మ విరిగిపోయినా గాభరా అక్కర్లేదు.

ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగే క్యారల్స్ వాళ్లు వచ్చేది రాత్రి. చిన్నపిల్లలున్నారని గుడి అయ్యగారికో (పాస్టరుకో) యూత్ సెక్రెటరీకో ముందే చెబితే మన వీధిని మొదటి వరసలో పెడతారు. అడగడానికి మొహమాటపడితే ఒంటిగంటకు తలుపు తట్టుడే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదు. పది దాటాక డోలక్, చప్పట్లు చాలని వాళ్లకు మెల్లగా చెప్పొచ్చు, పక్కింటివాళ్లకూ ఆ రోజు సాయంత్రమే ఒక మాట చెప్పాలి. నలభైమందికి టీ అంటే పాలు రెండు లీటర్లు, నీళ్లు లీటరున్నర, చక్కెర పావుకిలో, టీపొడి 80 గ్రాములు. ముందే కాచి ఫ్లాస్కుల్లో పోసేస్తే వాళ్లు పాడుతుండగా వంటింట్లో నిలబడే పని ఉండదు. కానుక కవరు తలుపు పక్క మేకుకు తగిలించి పెట్టండి, ఆ సందట్లో బీరువా తాళాలు వెతకలేం. క్రిస్మస్ తాత ముసుగు చూసి మూడు నాలుగేళ్ల పిల్లలు జడుసుకుంటారు. పగటిపూట అలాంటి ముసుగే నాన్న మొహానికి పెట్టి, తీసి, పిల్లల చేతికే ఇచ్చి ఆడించాలి. రెండు రోజులు ఇలా చేస్తే భయం పోతుంది.

సండే స్కూల్ ప్రోగ్రాం గురించి రెండే మాటలు. యేసు పుట్టుక నాటకంలో గొల్లల వేషానికి అద్దె బట్టలు దండగ. మన సీమలో గొర్రెలు కాసేవాళ్ల గొంగడి, తలకు తువ్వాలు, చేతికి కర్ర, అంతకంటే అసలైన వేషం ఎక్కడుంది? గొంగడి గుచ్చుకుంటుంది, లోపల పొడుగు చేతుల నూలు చొక్కా వేయండి. కంఠస్థం చేయాల్సిన బైబిలు వాక్యం మొదటి నుంచి నేర్పితే పిల్లలు స్టేజీ మీద చివర మరిచిపోతారు. లూకా 2:11 నేర్పేటప్పుడు ముందు ఆఖరి ముక్క, దానికి ముందు ముక్క చేర్చి మళ్లీ ఆఖరిదాకా, ఇలా వెనక నుంచి వస్తే నోరు ఎప్పుడూ బాగా తెలిసినవైపే పోతుంది. వారం రోజులు, పూటకు ఐదు నిమిషాలు చాలు.

కేకు నేను ఇంట్లో చెయ్యను. చిన్నపిల్లల మధ్య చక్కెర మాడ్చి పాకం పట్టడం నాకు నచ్చని పని. 20 లోపల బేకరీలో చెప్పేసి, గుడ్డు తినని ఇరుగుపొరుగుకు గుడ్డు లేనిది విడిగా రాయిస్తాం. కష్టపడితే కజ్జికాయలకే పడాలి.

కిలో మైదా, వంద గ్రాముల కాచిన నెయ్యి, చిటికెడు ఉప్పు, నాలుగొందలు నాలుగొందల యాభై మిల్లీలీటర్ల నీళ్లు. నెయ్యి వేడిగా పోసి పిండిని రెండు చేతులతో రుద్దాలి. పిడికిట్లో పడితే ముద్దగా నిలవాలి, అప్పుడే నీళ్లు. గట్టిగా కలిపి తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. పూర్ణానికి వేయించిన పప్పులు (పుట్నాలు) 300 గ్రాములు, ఎండుకొబ్బరి తురుము 250, వేయించి పొట్టు తీసిన చెనిక్కాయ పప్పు 200, నువ్వులు 100, చక్కెర పొడి 400, ఏలకులు పది. చెనిక్కాయలు ఆరకముందే మిక్సీలో వేస్తే నూనె ఊరి ముద్దవుతుంది. బెల్లం రుచి ఎక్కువే, కానీ తేమ పట్టి నాలుగో రోజుకు పైపొర మెత్తబడుతుంది. పంచిపెట్టేవాటికి చక్కెరే నయం. పచ్చికొబ్బరి అసలొద్దు.

ఇరవై గ్రాముల ఉండలు చేస్తే డెబ్భై ఐదు దాకా వస్తాయి. ఒక్కోదానికి నిండు పెద్ద స్పూను పూర్ణం, అంతకు మించొద్దు. అచ్చులో పూరీ పరచడం పెద్దవాళ్లది, స్పూనుతో పూర్ణం వేయడం, అచ్చు మూసి నొక్కడం పిల్లలది. ఇదంతా హాల్లో, పాత పేపర్ల మీద. మూకుడు వంటింట్లో, మధ్యలో తలుపు మూసి. అంచుకు నీళ్ల తడి అద్దకపోతే నూనెలో నోరు తెరుస్తుంది. ఒక్కటి తెరిచిందంటే పూర్ణం నూనెలో మాడి మిగతావాటికి నల్ల చుక్కలు అంటుకుంటాయి. వెంటనే మంట తగ్గించి జల్లిగరిటెతో తోడేయాలి. పైన బుడిపెలు లేస్తే నూనె కాక ఎక్కువైందని. సన్న సెగ మీద లేత బంగారు రంగుకు రావాలి. పూర్తిగా ఆరాకే స్టీలు డబ్బాలో మూత పెట్టండి, వెచ్చగా మూస్తే పొద్దునకు తోలులా సాగుతాయి.

పన్నెండు ఇళ్లకు నాలుగేసి లెక్కన 48 పోతాయి, మిగిలింది ఇంటికి. శాకాహారుల ఇళ్లకు పోయేవి కొత్త నూనెలో మొదటి వాయిగా తీసి విడి డబ్బాలో పెడతాం, ఆ మాట ఇచ్చేటప్పుడే చెబుతాం. రంజానుకు సేమ్యా వచ్చిన గిన్నె ఇంట్లో ఉండిపోయి ఉంటే దాన్ని ఖాళీగా కాకుండా నింపి పంపడానికి ఇదే అదను.

24 సాయంత్రం ఆరుకు పిల్లలకు తలంటు, ఏడుకు అన్నం. చుట్టాలకు 25 మధ్యాహ్నం బిర్యానీకే రమ్మని చెప్పి ఉంచుతాం. మాంసం కూడా 24 పొద్దునే తెచ్చి, రాత్రి మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తే తెల్లారి అంగడి దగ్గర క్యూలో నిలబడే పని తప్పుతుంది. ఒక్కో బిడ్డకు ఒక సంచి: మడిచిన కొత్త బట్టలు, కర్చీఫు, నీళ్ల సీసా, రెండు అరటిపళ్లు, కానుకకు చిల్లర. పడుకునేది మెత్తటి పాత బట్టల్లోనే. మూడున్నరకు లేపి, మొహం కడిగి, గౌను తొడిగి, పైన స్వెటరు. గుళ్లో తలుపుకు దగ్గరగా, బెంచీ చివర కూచుంటాం, బాత్రూమంటే పదిమంది మోకాళ్లు దాటక్కర్లేదు. కొవ్వొత్తులు పంచినప్పుడు నెట్ గౌనులో ఉన్న పిల్లకు నిప్పు ఇవ్వకండి, ఆ గుడ్డ క్షణంలో అంటుకుంటుంది. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం సంచిలో పెట్టుకుపోతే పేచీ ఉండదు.

31 రాత్రి గుళ్లో జరిగే కొత్త సంవత్సరపు కూడికకు పిల్లల్ని తీసుకుపోం, ఇద్దరిలో ఒకరం పోయి వాగ్దాన కార్డులు (కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఇచ్చేవి) తెస్తాం.

జనవరి 6 దాటాక నక్షత్రం దించి, కాగితం తడిపి గీకేసి, ఐదు పుల్లలూ లాగేస్తే రెండు చట్రాలూ చాపలా అతుక్కుని అటక మీద పడతాయి. పుల్లలు, హోల్డరు, వైరు విడిగా మూత ఉన్న డబ్బాలో పెట్టాలి, చట్రానికే చుట్టి వదిలేస్తే ఎలుకలు వైరు కొరుకుతాయి.