ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్మడం: నా అనుభవం

మా పిన్నిది నెల్లూరు జిల్లా ఉదయగిరి. ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కలిసి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసి అమ్ముతుంది. ఎగ్జిబిషన్లలో పెడితే సాయంత్రానికి బల్ల ఖాళీ అవుతుంది. వెబ్‌సైటు కూడా ఉంది గానీ, దాని నుంచి ఆర్డర్ వచ్చిందంటే ఇంట్లో అందరికీ చెప్పుకునేంత అరుదు. దాని సంగతి చూడమని పిన్ని నాకు అప్పగించింది. ఉద్యోగం అయ్యాక నెల్లూరులో కూర్చుని రాత్రిళ్లు చేసిన పని ఇది. ఇలాంటి చిన్న షాపు నడుపుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను మొదలుపెట్టే ముందే ఒక ఏజెన్సీ వాళ్లు పిన్నికి ఫోన్ చేశారు. నెలనెలా ఇంత కడితే గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అట. పిన్ని దాదాపు ఒప్పేసుకుంది. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసిపెట్టింది. అది చదివి వినిపిస్తే ఆగింది.

సైటుకు జనం అసలు రావడం లేదేమో అనుకున్నాను. సైటుకు ఎంతమంది వచ్చి ఏం చూశారో లెక్క చూపించే అనలిటిక్స్ చూస్తే, వస్తున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు. "ఏంది అబ్బయా, మనుషులు వస్తా ఉండారంటావు, కొనేవాళ్లు లేరంటావు, ఇదేం లెక్క?" అంది పిన్ని. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే తర్వాత నేను చేసిన పనంతా.

గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. సైటు మనదేనని నిరూపించుకుంటే చాలు, జనం ఏ మాటలు వెతికినప్పుడు మన పేజీ కనబడుతోందో చూపిస్తుంది. ఉదయగిరి పేరుతో వెతికేవాళ్లు తక్కువ. నాన్‌స్టిక్ పెనానికి చెక్క గరిట, దోశ తిప్పడానికి చెక్క అట్లకాడ, రంగు వేయని చెంచా, ఇవీ వాళ్లు వెతికేవి. మా పేజీల పేర్లు చూస్తే ప్రీమియం కలెక్షన్ 1, కలెక్షన్ 2. అందులో గరిట ఉందని గూగుల్‌కే కాదు, మనిషికీ తెలియదు.

అప్పుడు పిన్ని ఫోన్ తీసుకుని పాత వాట్సాప్ మెసేజీలన్నీ చదివాను. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన ఘట్టం అదే. పొడవెంత? కాడ ఒక్కటే కొయ్యా, అతుకా? వార్నిష్ కొట్టారా? నీళ్లలో నానితే బూజు పడుతుందా? చారు తిప్పితే పసుపు మరక పోతుందా? ఎగ్జిబిషన్‌లో అయితే చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, వాసన చూసి, పిన్నిని అడిగి కొంటారు. సైటులో అడగడానికి పిన్ని లేదు. అందుకని ఒక్కో వస్తువు ముందు ఆమెను కూర్చోబెట్టి, ఎగ్జిబిషన్‌లో కొనేవాళ్లకు చెప్పినట్టే చెప్పమని రికార్డు చేశాను. "సబ్బు నీళ్లలో నానబెట్టొద్దమ్మా, కడిగి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టు, అప్పుడప్పుడూ రవ్వంత నూనె రాయి" అన్న ఆమె మాటలే పేజీలోకి వెళ్లాయి. ఏ కొయ్యతో చేశారు, పొడవు ఎన్ని సెంటీమీటర్లు, బరువెంత, దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు, అన్నీ రాశాం. పసుపు మరక కొంత ఉండిపోతుందని కూడా రాశాం. ఆ వాక్యం తీసేయమని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు, పిన్ని ఒప్పుకోలేదు. పేజీ పేరు కూడా "దోశ అట్లకాడ, నాన్‌స్టిక్‌కు గీతలు పడనిది" అని మారింది. తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి పెట్టాం.

ఫోటోలు మార్చాల్సి వచ్చింది. తెల్లటి వెనక తెరతో తీసిన ఫోటోల్లో గరిట చిన్నదో పెద్దదో తెలియదు. ఉదయం ఎండ ముదరక ముందు వరండాలో, పక్కన తెల్ల దుప్పటి కట్టి వెలుతురు మెత్తబడేట్టు చేసి తీశాం. ఒకటి చేతిలో పట్టుకున్నట్టు, ఒకటి పెనం మీద దోశ కింద దూరుతున్నట్టు, ఒకటి కాడ చివర ఉలితో చెక్కిన నగిషీ దగ్గరగా. ఆ మూడోదాంట్లో ఉలి దిగిన ప్రతి గీతా కాస్త తేడాగా కనిపిస్తుంది. మిషన్ పని కాదని అంతకంటే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. వాటిని కుదించి, తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ అనే ఫోటో రూపంలో 150 కేబీ లోపుకు తెచ్చాను. పేజీలో ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఉదయగిరి బస్టాండులో మామూలు ఫోన్‌లో తెరిచి చూసి, తృప్తి అనిపించాకే వదిలాను.

ఇక అసలు చిక్కు రవాణా. కార్ట్ దాకా వచ్చి, డబ్బు కట్టే చోట కొరియర్ ఛార్జీ చూసి వెనక్కి పోతున్నారు. 600 గ్రాముల గరిటెల సెట్టుకు అంత ఛార్జీ ఎందుకని లాగితే డొంక కదిలింది. కొరియర్ వాళ్లు అసలు బరువు, పెట్టె పరిమాణాన్ని బట్టి కట్టే బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి చాలామంది 5000తో భాగిస్తారు. మేం వాడే పెట్టె 40, 20, 15. అంటే 2.4 కిలోలు. కొనేవాళ్లు గాలికి డబ్బు కడుతున్నారు. 40, 12, 8 పెట్టె చేయించాం, ముప్పావు కిలోకు దిగింది. మిగిలిన ఛార్జీ ధరలోనే కలిపి, డెలివరీ ఉచితమని మొదటి పేజీలోనే రాశాం. కొనాలంటే సైటులో ఖాతా తెరవాలన్న నిబంధన తీసేసి, యూపీఐని పైన పెట్టాం. ఆర్డర్లు నిలకడగా రావడం ఆ తర్వాతే మొదలైంది.

క్యాష్ ఆన్ డెలివరీ పెడితే కొన్ని పార్శిళ్లు తిరిగొస్తాయి, రానూపోనూ ఛార్జీ మనదే. పంపే ముందు వాట్సాప్‌లో ఒక మాట అడిగి పంపితే ఆ బెడద బాగా తగ్గింది. ప్రకటనలకు డబ్బు పెట్టింది ఇవన్నీ సర్దుకున్నాకే, అదీ కొద్దిగానే. గూగుల్‌లో వెతికేవాళ్లకు మన సరుకు కనబడేట్టు గూగుల్ మర్చంట్ సెంటర్‌లో వస్తువుల జాబితా ఉచితంగా పెట్టుకోవచ్చు, ముందు అది చేయండి.

ఉదయగిరి చెక్క వస్తువులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ ఊరి పేరు అక్కడ చేసిన సరుకుకే చెల్లుతుంది. ఆ జీఐ గుర్తు మన పేజీలో వాడుకోవాలంటే మాత్రం చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా పేరు నమోదు కావాలి. పిన్ని కాగితాలు సిద్ధం చేసుకుంటోంది. అప్పటిదాకా ఉదయగిరిలో, ఎవరి చేతుల మీదుగా తయారవుతున్నాయో అంతవరకే రాస్తున్నాం.

ఇప్పుడు వచ్చిన కొత్త సమస్య సరుకు. చేత్తో చెక్కే గరిట తొందరపెడితే తయారు కాదు. పండగల ముందు ఆర్డర్లు ఎక్కువైతే స్టాకు లేదని మూసేయకుండా, చేసి పంపడానికి పది రోజులు పడుతుందని పేజీలోనే పెడుతున్నాం. చాలామంది ఆగుతున్నారు. అమ్మకం పెరిగింది కాబట్టి ఒక్కో గరిటకు చెక్కినవాళ్లకు ఇచ్చే కూలి పెంచాలని పిన్ని పట్టుబట్టింది. కొత్త ధరలు ఆ లెక్క వేసుకునే పెట్టాం.