1987 మార్చికి ముందు రాసిన పరీక్ష

మా హామ్ రేడియో (సరదా కోసం నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ పరీక్షల సెషన్‌కి మొన్న ఒక పెద్దాయన వచ్చారు. పెన్సిల్ లేదు, కాలిక్యులేటర్ లేదు. ప్లాస్టిక్ కవర్లో రంగు మారిన లైసెన్స్ ఒక్కటే తెచ్చారు. కింది మెట్టు లైసెన్స్ టెక్నీషియన్ నుంచి పై మెట్టు జనరల్‌కి వెళ్లాలట, పరీక్ష రాయకుండా!

అమెరికాలో ఇది కుదురుతుంది. 1987 మార్చి 21కి ముందు టెక్నీషియన్‌కీ జనరల్‌కీ రాతపరీక్ష ఒకటే. తేడా అంతా మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేతాలు) స్పీడులోనే: టెక్నీషియన్‌కి నిమిషానికి 5 పదాలు, జనరల్‌కి 13. 2007లో ఆ మోర్స్ పరీక్షే ఎత్తేశారు కాబట్టి ఇక అడ్డేముంది?

చిక్కల్లా రుజువుతోనే. లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఆన్‌లైన్ రికార్డు చూస్తే ఇటీవలి రెన్యువల్ తేదీ కనబడుతుంది తప్ప అసలు ఎప్పుడు పాసయ్యారో తేలదు. పాత లైసెన్సో, అప్పటి కాల్‌బుక్‌లో (హామ్‌ల డైరెక్టరీలో) పేరూ క్లాసూ ఉన్న పేజీయో చూపించాలి. ఒట్టేసి చెప్తే నడవదు. ఇన్నేళ్లు కాగితం దాచుకోమనడం కాస్త అన్యాయమే అనుకోండి.

ఈయన లైసెన్స్‌లో తేదీ సరిగ్గా మడత మీద పడి అరిగిపోయింది. ముగ్గురు ఎగ్జామినర్లం లైటు కింద పెట్టి, వంచి, తిప్పి చూశాం. 1984! దరఖాస్తు ఫారం 605 నింపించి, సంతకాలు చేసి సీఎస్‌సీఈ (పరీక్ష పాసైనట్టు ఇచ్చే సర్టిఫికెట్) చేతికిచ్చాం. అది 365 రోజులు చెల్లుతుంది. పైగా డేటాబేస్ మారేదాకా ఆగక్కర్లేదు, కాల్‌సైన్ (రేడియోలో చెప్పే గుర్తింపు అక్షరాలు) చివర 'ఏజీ' తగిలించి ఆ రోజే జనరల్ వాళ్లకిచ్చిన బ్యాండ్లలో మాట్లాడొచ్చు. సాయంత్రం 20 మీటర్ల బ్యాండ్ మీద పిలుస్తానని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.