పక్క మంచం తాత

వరంగల్ దిక్కు ఫైర్‌మన్‌కు ఎండాకాలమంటే పత్తి మంటలే. జిన్నింగ్ మిల్లుల బేళ్లు పైకి ఆరినట్టే ఉంటయి, లోపల కుములుతనే ఉంటయి. ఆ మంటలు నన్నేం చెయ్యలే. చేసింది ఒక ఇంట్ల అయిన ప్రమాదం. వంటింటి తలుపెనక తల్లీ బిడ్డ. బయటికి తెచ్చింది నేనే. రిపోర్టుల నీళ్లెన్ని వాడినం, ఆస్తి నష్టమెంత, అన్నీ రాసినం. మా సంగతి రాసే గడి అందుల లేదు. ఆ రాత్రి ఒక సీనియర్, "క్వార్టరెయ్ రా, నిద్ర పడ్తది" అన్నడు. పట్టింది. అదే వచ్చిన తిప్పలు.

తర్వాత ఏండ్లు ఎట్ల గడిచినయో మా ఆమెనడగాలె. కూర మాడిన వాసనొస్తే నేను ఇంట్ల ఉండకపోయేది. చివరికి కామెర్లు, స్కానింగులు, సెలైన్లు.

రోజూ తాగే ఒంటికి మందు ఒక్కసారి ఆగితే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పొచ్చు, పాణమే పోవచ్చు. చేర్చుకునేటప్పుడు రోజుకెంత తాగుతవని ఒక్కరూ అడగలే.

మందు ఆగినంక ఒక రాత్రి నా కండ్లకు వార్డంత పొగ. సెలైన్ సూది పీకి నేల మీద పాకిన. పొగల గాలి కిందనే ఉంటదని ట్రైనింగ్‌ల నేర్పిన్రు గదా. పక్క మంచం తాత చంకలకింద చేతులేసి తలుపుదాక ఈడ్చిన. "ఇడిసిపెట్టు బిడ్డా" అని ఆయన మొత్తుకుంటుంటే, "భయపడకు తాతా, బండి కిందనే ఉంది" అంటున్ననట. నా చేతి రక్తం ఆయన బనీనంత అంటిందట. నన్ను మంచానికి కట్టేసినంక డ్యూటీ డాక్టర్ మా ఆమెతోని, "తాగుబోతోణ్ణి ఇక్కడికెందుకు తెచ్చినవమ్మా, ఎర్రగడ్డకు తీస్కపో" అన్నడు. తెల్లారి ఆ తాతే సిస్టర్‌ను బతిమిలాడిండు, కట్లు కొంచెం వదులు చెయ్యమని.

నైట్ సిస్టర్ పట్టుబట్టి మానసిక వైద్యుణ్ణి పిలిపించింది. ఇంజెక్షన్లు, బీ1 విటమిన్ పడ్డయి. నాకు తెలివొచ్చినంక ఆయన అడిగిన మొదటి మాట: "ఏ ఫైర్ కాల్ తర్వాత మొదలైంది?" తలుపెనక ముచ్చట అప్పుడు చెప్పిన. జబ్బు పేరు పీటీఎస్‌డీ అన్నడు, అంటే చూసిన ఘోరం మనసును ఇడువకుండ పట్టి పీడించుడు.

తమ్ముళ్లూ, రోషానికి పోయి ఇంట్ల ఒక్కసారే బంద్ చెయ్యకుండ్రి, డాక్టర్‌ను అడిగి మానుండ్రి. మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు పైసా ఖర్చు లేదు, తెలుగులనే మాట్లాడతరు. 1944ల బొంబాయి రేవుల సచ్చిపోయిన ఫైర్‌మన్లకు ఏటా ఏప్రిల్ 14న మౌనం పాటిస్తం. మంచిదే. బతికున్నోళ్ల నిద్ర ముచ్చట ఆ ఫైర్ సర్వీస్ వారంల ఎవరన్నా తీస్తే ఇంకా మంచిగుండు.

గోళీలు ఇంకా నడుస్తున్నయి. అమ్మ ఐనవోలు మల్లన్నకు బోనం మొక్కింది, చెల్లించినం. మా ఆమె ఆ సిస్టర్‌కు చీర పెట్టింది. డ్యూటీ డాక్టర్‌కు మాత్రం దండం గూడ పెట్టనంటది. నేనూ పెట్టమనను.