ప్రార్థన అంశం సరే, లెక్క ఏదీ?

గుంటూరు, బెజవాడ చర్చి సంఘాల్లో పురుషుల కూటాలకి కొదవ లేదు. నెలకో ఆదివారం సాయంత్రం నాలుగు పాటలు, వాక్యం, టీ, సమోసా. చివర్లో "ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా బ్రదర్" అంటే ఒకాయన లేచి "నా ఆత్మీయ జీవితం కోసం ప్రార్థించండి" అని కూర్చుంటాడు. ఆ మాట వెనక క్రికెట్ బెట్టింగ్‌లో పోయిన ఎనభై వేలు ఉండొచ్చు, బండి డిక్కీలో దాచిన సీసా ఉండొచ్చు. ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదని మన లెక్క.

అడగడమే పనిగా పెట్టుకున్న గుంపులు ఒకప్పుడు ఉండేవి. 1738లో ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమ మూలపురుషుడు జాన్ వెస్లీ 'బ్యాండ్'లనే చిన్న గుంపులకు నియమాలు రాశాడు: వారానికి కనీసం ఒకసారి కలవాలి, చెప్పిన వేళకు రావాలి, పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపమేదో ఒక్కొక్కరూ చెప్పాలి. దానికి ఆధారం, పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమనే యాకోబు 5:16. 1742లో బ్రిస్టల్‌లో మొదలైన క్లాస్ మీటింగులు కూడా ఇలా అడిగే గుంపులే, వాటి పుట్టుక ఇంకా తమాషా. మందిరం అప్పు తీర్చడానికి వారానికో పెన్నీ వసూలు చేయమని ఇంటింటికీ పంపితే, వెళ్లినవాళ్లకి డబ్బుతో పాటు ఇళ్లల్లో సంగతులూ తెలిసొచ్చాయి.

మన దగ్గర ఇలాంటిది పెట్టాలంటే ముగ్గురు, మహా అయితే నలుగురు. మనిషికి పావుగంట చొప్పున గంటలో అయిపోవాలి. ఆరుగురైతే వారానికి ఇద్దరు నోరు తెరవకుండానే జారుకుంటారు. ఇద్దరే అయితే "నువ్వు నన్నడక్కు, నేను నిన్నడగను" అనే ఒప్పందం తెలియకుండానే కుదురుతుంది.

ఎవరు ఉండకూడదో ముందు తేల్చుకోవాలి. బావాబామ్మర్దులు వద్దు, చెప్పింది రాత్రికల్లా అత్తగారింటికి చేరుతుంది. ఒకే చీటీలో ఉన్నవాళ్లు, యజమానీ గుమాస్తా వద్దు. సంఘ కమిటీ ఎన్నికల్లో ఎదురెదురు ప్యానెళ్లలో నిలబడేవాళ్లయితే అసలే వద్దు, ఒప్పుకున్నదే ప్రచారమవుతుంది. అయ్యగారిని, అంటే పాస్టరుని కూడా కూర్చోబెట్టకండి. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరికి ఎవరు రావాలో, పరిచర్య ఎవరికివ్వాలో చెప్పే మనిషి ముందు ఎవడూ పూర్తిగా విప్పడు.

ఇంట్లో పెట్టుకుంటే వంటగదికి వినిపిస్తుందని గొంతు తగ్గుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకి గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం, బెజవాడలో కృష్ణ ఒడ్డు నయం. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలని మగాడు పక్కపక్కన నడుస్తుంటే మాట్లాడతాడు.

ఇక ప్రశ్నలు. "ఎలా ఉన్నావు" అంటే "దేవుని కృప" అంటాడు, కథ ముగిసింది. ఎన్నిసార్లు, ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత? ముందు ఈ నాలుగూ అడగాలి. తనని ఏ విషయంలో అడగాలో ఎవరికి వారే మొదటి వారం ఒక కాగితం మీద రాసివ్వాలి. మనం ఊహించి అడిగితే అది నిఘా అయిపోతుంది. డబ్బు సంగతైతే ఫోన్‌పే హిస్టరీ తెరిచి చూపించడమే. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు, ఫోన్లలో ఆట మాత్రం ఆగలేదు. తప్పు జరిగిన వారం, దానికి రెండు గంటల ముందు ఏం జరిగిందో అడగండి. ఇంట్లో గొడవా, బాకీవాడి ఫోనా? పట్టుకోవాల్సింది అక్కడ. ఆఖర్న ఇంకొకటి: "ఇప్పటిదాకా చెప్పినదాంట్లో కోసేసింది ఏమైనా ఉందా?"

మూడు వారాలు వరసగా ఒకే తప్పు ఒప్పుకుంటున్నాడంటే ఒప్పుకోలు అలవాటైపోయింది. అప్పుడు ఏదో ఒకటి మారాలి: ఏటీఎం కార్డు భార్య చేతికి, బ్యాంకు యాప్‌లో యూపీఐ పరిమితి తగ్గింపు, వైన్ షాపు తగలని దారిన ఇంటికి. గుంపులో చేబదులు ఇవ్వకూడదు, జామీను సంతకం పెట్టకూడదు. బాకీ ఉన్నవాడు నిజం చెప్పడు, ఇచ్చినవాడు నిర్మొహమాటంగా అడగలేడు.

విన్నది భార్యతో కూడా అనకూడదు. అక్కణ్ణించి స్త్రీల మైత్రికి, అంటే సంఘంలో ఆడవాళ్ల కూటానికి ప్రార్థన అంశంగా చేరడానికి ఒక్క బుధవారం చాలు. వాట్సాప్‌లో రాయొద్దు, స్క్రీన్‌షాట్‌కి పశ్చాత్తాపం తెలియదు.

అయితే గుట్టుకి హద్దుంది, అది మొదటి రోజే చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరం సంగతి తెలిస్తే పోలీసులకి చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతివాడి బాధ్యత. భార్యని కొడుతున్నానంటే ముందు ఆమె క్షేమం చూడాలి. ఆయన కన్నీళ్లు తర్వాత. చచ్చిపోవాలనుందంటే ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి పక్కనుండి ఫోన్ చేయించండి.

తాగుడు విషయంలో మనవాళ్లు చేసే ప్రమాదకరమైన పని, ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ణి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించడం. ఆపిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకి వణుకు, లేనివి కనిపించడం మొదలైతే దాన్ని దయ్యం అనుకుంటారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ముందు ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి, ఉపవాసం తర్వాత సంగతి.

మొదలుపెట్టడానికి ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస దినాలు, లెంట్, మంచి అదను, ఆరు వారాల గడువు దానికదే వస్తుంది. ఎవరైనా రెండు వారాలు రాకపోతే మెసేజ్ పెట్టకుండా షాపుకో ఇంటికో ఒక్కరే వెళ్లండి, ముగ్గురూ కలిసి వెళ్తే పంచాయితీలా ఉంటుంది. ఈస్టర్ దాటాక కొనసాగుతావా అని ఎవరికి వారిని విడిగా అడగండి. వద్దన్నవాణ్ణి కారణం అడక్కండి, అతని కాగితం అతనికి తిరిగి ఇచ్చేయండి.