చివిటావెక్కియా రేవు నుంచి రోముకు, సొంతంగా

మధ్యధరా సముద్రంలో తిరిగే విహార ఓడల కార్యక్రమంలో "రోమ్" అని రాసి ఉన్న రోజున ఓడ నిజానికి ఆగేది రోములో కాదు, అక్కడికి వాయవ్యంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చివిటావెక్కియా అనే రేవు పట్టణంలో. టికెట్లు కొన్నప్పుడు ఈ సంగతి మాకు తెలియదు. తెలిశాక మా ముందు రెండు దారులు మిగిలాయి: ఓడవారు ఏర్పాటు చేసే బస్సు యాత్రలో చేరడం, లేదా రైలెక్కి మేమే వెళ్ళి రావడం. బస్సు యాత్రలో ఒక్క మనిషికి అడిగిన సొమ్ముతో మేం ముగ్గురం రైల్లో ఎన్నోసార్లు పోయి రావచ్చు. అయితే మమ్మల్ని రైలువైపు మొగ్గేలా చేసింది డబ్బు కాదు, మా అత్తయ్యగారి మోకాళ్ళు. జెండా ఎత్తిపట్టుకుని నడిచే గైడు వెనక నలభై మందితో సమానంగా పరుగెత్తడం ఆవిడ వల్ల కాదు. తనకు కూర్చోవాలనిపించిన చోట కూర్చోవాలంటే మేం విడిగా వెళ్ళాల్సిందే.

ఓడవారి యాత్రకు ఉన్న ఒకే ఒక్క గొప్ప సౌలభ్యాన్ని మాత్రం తక్కువ చేసి చెప్పలేను. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవారు ఆలస్యమైతే ఆగదు. తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. అందుకని మా ప్రణాళికను నేను ఉదయం నుంచి సాయంత్రానికి కాక, సాయంత్రం నుంచి ఉదయానికి వేసుకుంటూ వచ్చాను. ఓడ బయలుదేరేది 19:00 గంటలకు, అందరూ లోపల ఉండాల్సింది 18:30కి. చివిటావెక్కియా స్టేషనులో దిగాక బస్సు మారి, రేవు లోపలి షటిల్ ఎక్కి, తనిఖీ దాటడానికి గంట వేసుకున్నాను. రోములోని ఓస్తియెన్సె స్టేషను నుంచి రైలు ప్రయాణం ఇంకో గంట. ఈ లెక్కన 16:30కి రైలెక్కినా సరిపోతుంది కానీ, అది చివరి గడియ. ఆ రైలు తప్పితే ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఉండాలి కాబట్టి, దానికి ముందున్న రెండు రైళ్ళు వెనక్కి జరిగి 15:30 ప్రాంతపు రైలును మా రైలుగా నిర్ణయించుకున్నాను. మావారు నవ్వి, "రోములో ఉండే సమయం కన్నా తిరిగి రావడానికి కేటాయించినదే ఎక్కువగా ఉందే" అన్నారు. నిజమే, దాదాపు అలాగే ఉంది.

ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి కనుక "షోపెరో", అంటే సమ్మె, ఏ తేదీల్లో ఉందో ముందే చూసుకున్నాను. సమ్మెలను ముందుగానే ప్రకటిస్తారు కాబట్టి ఇది కష్టమేమీ కాదు. సమ్మె రోజైనా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 18 నుంచి 21 వరకు ప్రాంతీయ రైళ్ళలో కొన్నింటిని తప్పనిసరిగా నడుపుతారని చదివి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. ఓడ ప్రయాణికులకు ఆ ధైర్యం పనికిరాదు; ఉదయం రైలు మనల్ని రోముకు చేరుస్తుంది, సాయంత్రపు రైలు మాత్రం మనల్ని తీసుకొచ్చేసరికి ఓడ వెళ్ళిపోయి ఉంటుంది. సమ్మె ఉన్న రోజైతే నేను మారుమాట లేకుండా ఓడవారి బస్సే ఎక్కేదాన్ని.

ముందురోజు రాత్రి చేసిన పనులు మూడు. ఓడవారు రోజూ గదికి పంపే కార్యక్రమ పత్రంలో ఆ రేవులోని వారి ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకోవడమే కాక కాగితం మీద కూడా రాసుకున్నాను. పాస్‌పోర్టులు ఓడ కార్యాలయం దగ్గరే ఉన్నందున వాటి నకళ్ళు, వీసా పేజీతో సహా, సంచిలో పెట్టాను. మూడోది గడియారం. మేం గ్రీసు నుంచి వస్తున్నాం. అక్కడి సమయం ఇటలీ కన్నా ఒక గంట ముందుంటుంది. గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకోండని ఆ పత్రంలోనే రాసి ఉంది. నాది తిప్పాను, మావారిది తిప్పాను. మూడోది ఒకటి ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

ఉదయం ఏడింటికి ఓడ ఆగింది. పెద్ద ఓడలు నిలిచే చోటు నుంచి రేవు బయటికి నడిచి పోనివ్వరు. ఉచిత షటిల్ బస్సు ఎక్కి "లార్గో దెల్లా పాచే" అనే చోట దిగాలి. దారిలో సముద్రపు ఒడ్డునే ఒక బలమైన కోట కనబడుతుంది. రెండో శతాబ్దపు తొలినాళ్ళలో ట్రాజన్ చక్రవర్తి కట్టించిన ఈ రేవును కాపాడుకోవడానికి 1508లో పోపు రెండవ జూలియస్ హయాంలో వాస్తుశిల్పి బ్రమాంతే మొదలుపెట్టిన కోట అది. ప్రధాన బురుజు పైభాగం మైకెలాంజిలో పూర్తి చేశాడంటారు గనుక ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

లార్గో దెల్లా పాచేలో బస్సు దిగీ దిగగానే "రోమ్, రోమ్" అంటూ వ్యాన్ల వాళ్ళు చుట్టుముడతారు. రైళ్ళు రద్దయ్యాయని కూడా ఒకతను మాకు చెప్పాడు. ఫోనులో చూస్తే అన్నీ సమయానికే నడుస్తున్నాయి. ఇక్కడి నుంచి స్టేషనుకు సముద్రతీరం వెంట ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. చక్కటి దారి, ఎత్తుపల్లాలు లేవు. అయినా అత్తయ్యగారి మోకాళ్ళను రోము కోసం దాచుకోవాలని, స్టేషనుకు వెళ్ళే చిన్న బస్సే ఎక్కాం.

టికెట్ల విషయం కొంత వివరంగా చెప్పాలి. రోముకు ప్రాంతీయ రైలు టికెట్ 4.60 యూరోలు. రానూ పోనూ కలిపి 9.20. రోములో మెట్రో టికెట్ 1.50 చొప్పున రెండుసార్లు ఎక్కితే మరో 3 యూరోలు. వీటన్నిటి బదులు "బిర్గ్" అనే ఒకరోజు టికెట్ 12 యూరోలకు దొరుకుతుంది. ముద్ర వేయించిన రోజు అర్ధరాత్రి వరకు ప్రాంతీయ రైళ్ళలోనూ, రోములోని మెట్రోలోనూ, సిటీ బస్సుల్లోనూ అది చెల్లుతుంది. కూడిక వేసి చూస్తే మిగిలేది ఇరవై సెంట్లే. దాని అసలు విలువ వేరే ఉంది: తిరిగి వచ్చేటప్పుడు టికెట్ యంత్రం ముందు వరుసలో నిలబడక్కర్లేదు, సాయం చేస్తానంటూ వచ్చి చిల్లర అడిగేవాళ్ళను తప్పించుకోనక్కర్లేదు, రోములో ఒకచోటి నుంచి మరోచోటికి రైల్లోనే మారొచ్చు. స్టేషనులోని పత్రికల దుకాణంలో మూడు కొని, వాటి మీద మా పేర్లు, పుట్టిన తేదీలు రాశాం. ఇంటర్‌సిటీ వంటి వేగపు రైళ్ళలో మాత్రం ఇది చెల్లదు, కాబట్టి ముందు వచ్చిందల్లా ఎక్కకూడదు.

కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న యంత్రంలో దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించాలి. టికెట్ కొన్నాం కదా అని అలాగే ఎక్కేస్తే జరిమానా తప్పదు. జనం హడావిడిలో మేమూ ఆ పని మరిచిపోయి భూగర్భ దారిలోకి దిగబోతుంటే, మా వెనక వస్తున్న ఒక ఇటలీ పెద్దావిడ అత్తయ్యగారి చేతిలోని టికెట్‌ను, గోడకున్న యంత్రాన్ని మార్చి మార్చి చూపించింది. మాట ఒక్కటీ అర్థం కాలేదు, విషయం మాత్రం పూర్తిగా అర్థమైంది.

రైల్లో కుడివైపు కూర్చోవాలి. శాంతా మరినెల్లా దాటేదాకా సముద్రం పక్కనే వస్తుంది, తర్వాత నీటి అంచున శాంతా సెవేరా కోట కనబడుతుంది. ఆపైన చూడడానికి పెద్దగా ఏమీ లేదు. దాదాపు యాభై నిమిషాలకు శాన్ పియెత్రో స్టేషను వచ్చింది. ఓడల నుంచి వచ్చినవారిలో సగం మంది ఇక్కడే దిగారు, మేమూ దిగాం. గుంపు ఎటు పోతే అటు పోతే చాలు, పది పదిహేను నిమిషాల్లో సెయింట్ పీటర్స్ చౌకు వస్తుంది. అత్తయ్యగారితో మాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అక్కడి బసిలికాకు, అంటే పెద్ద చర్చికి, ప్రవేశం ఉచితమే కానీ తనిఖీ వరుస ఉంటుంది, భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని ఉండాలి. చీరకట్టుతో ఉన్న అత్తయ్యగారిని ఎవరూ పట్టించుకోలేదు. మోకాళ్ళ పైకి నిక్కర్లు వేసుకున్న కుర్రవాళ్ళిద్దరిని వెనక్కి పంపారు. లోపల గంటంపావు గడిపాం. ఆ గుమ్మటానికి రూపకల్పన చేసిందీ, కుడివైపు అద్దాల వెనకనున్న పియెతా శిల్పాన్ని (ఏసు దేహాన్ని ఒడిలో పెట్టుకున్న మేరీ మాత) చెక్కిందీ ఉదయం కోట దగ్గర విన్న మైకెలాంజిలోనే అని చెబితే అత్తయ్యగారు, "అయితే ఆయనా మనలాగే ఆ రేవు నుంచి వచ్చాడన్నమాట" అన్నారు. సరిదిద్దాలనిపించలేదు.

మళ్ళీ అదే స్టేషనుకు వచ్చి, అదే టికెట్‌తో రైలెక్కి ఓస్తియెన్సెలో దిగాం. ఆ స్టేషను నుంచి భూగర్భ దారిలో పోతే పిరమిదె మెట్రో స్టేషను వస్తుంది. అక్కడి నుంచి బి లైనులో చిర్కో మాస్సిమో దాటగానే రెండో స్టేషను కొలోస్సేయో. బయటికి అడుగు పెడితే ఎదురుగా కొలోసియమే. లోపలికి టికెట్ కొనలేదు. నిర్ణీత సమయానికి కట్టుబడిన టికెట్ ఇంకొకటి నెత్తిన పెట్టుకుంటే రోజంతా గడియారానికే ఊడిగం చేయాల్సి వస్తుందని నా అభిప్రాయం. బయట నీడలో కూర్చుని, వీధి కుళాయిలో ఇరవై నాలుగు గంటలూ పారే మంచినీళ్ళు సీసాల్లో పట్టుకుని, గంటసేపు చూశాం.

15:20కి ఓస్తియెన్సె ప్లాట్‌ఫాం మీదున్నాం. ఈ స్టేషనును ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది: తిరుగు రైలు రోము ప్రధాన స్టేషనైన తెర్మినిలో బయలుదేరి ఓస్తియెన్సె మీదుగా శాన్ పియెత్రోకు వస్తుంది. మధ్యాహ్నం అక్కడ ఎక్కేవారికి సీటు దొరకడం కష్టం, రెండు స్టేషన్ల ముందే ఎక్కితే కాస్త ఆశ ఉంటుంది. అంతా ఆలోచించి పెట్టుకున్న నేను, తెర మీద ఒకసారి ప్లాట్‌ఫాం నంబరు చూసి, ఇక దానివైపు చూడడమే మానేశాను. ఇటలీలో "బినారియో" అంటే ప్లాట్‌ఫాం. రైలు వచ్చే ముందు అది మారడం వింతేమీ కాదు. స్పీకరులో ఏదో చెప్పారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా మెట్లవైపు కదిలారు. మావారు తెర చూసి "మారింది" అనేసరికి రైలు అవతలి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేస్తోంది. మెట్లు దిగి మళ్ళీ మెట్లు ఎక్కాలి. నేను అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని రెండడుగులు లాగి, ఆగిపోయాను. ఆవిడ పడితే ఈ ఊళ్ళో ఏ రైలూ ఎక్కలేం. రైలు వెళ్ళిపోయింది.

తర్వాతిది 16:00 దాటాక ఉంది. నాకు ఆందోళన లేదు, ఆ రైలు కోసమేగా ముందుగా వచ్చింది. కానీ అత్తయ్యగారు చేతి గడియారం చూసుకుని తెల్లబోయారు. "అమ్మాయ్, ఐదు కావస్తోందే! తర్వాతి రైలు ఎక్కితే మనం చేరేది ఆరు దాటాకే. తలుపులు ఆరున్నరకే కదా వేసేది?" ఆవిడ లెక్క అక్షరాలా సరిగ్గా ఉంది. ఒక్క క్షణం నా గుండె కూడా జారింది, ఫోనులో 15:52 చూసేదాకా. ఆవిడ గడియారం ఇంకా గ్రీసులోనే ఉంది. పొద్దుట్నుంచీ ఎందుకు ప్రతిచోటా "ఇంక బయలుదేరదామా" అని అడుగుతున్నారో అప్పుడు అర్థమైంది.

ఈసారి మావారు తెర కిందే నిలబడ్డారు. నంబరు మారలేదు. అత్తయ్యగారికి సీటు దొరికింది, మాకు శాంతా మరినెల్లా దాకా దొరకలేదు. 17:10కి చివిటావెక్కియాలో దిగితే చిన్న బస్సుకు పెద్ద వరుస ఉంది. లార్గో దెల్లా పాచేలో షటిల్‌కు ఇంకో వరుస. గుర్తింపు కార్డు చూపించి, సంచులు తనిఖీ చేయించుకుని ఓడలో అడుగు పెట్టేసరికి 18:05. గంట వేసుకున్న చోట యాభై అయిదు నిమిషాలు పట్టింది. అంటే 16:30 రైలు ఎక్కి ఉంటే, 18:30లోపు చేరేవాళ్ళమేమో, చేరేవాళ్ళం కామేమో.

గదిలోకి వచ్చాక అత్తయ్యగారు గడియారం విప్పి నా చేతికిచ్చి తిప్పమన్నారు. నేను వాడేసిన టికెట్లు చెత్తబుట్టలో వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "అర్ధరాత్రి దాకా చెల్లుతాయన్నావుగా. ఓడ బయలుదేరేదాకా ఉండనీ."