తడిపిండి ఆగదు

డిసెంబరు చివరి వారంలో ఒక తెల్లవారుజామున మా ఆయన మియాపూర్‌లో బస్సు ఆగే చోటికి వెళ్ళి అర బస్తా స్వర్ణ బియ్యం మోసుకొచ్చారు. అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఉన్న రెండెకరాలు కౌలుకు చేస్తున్నాయన ఏటా సార్వా నూర్పిళ్ళు కాగానే ఇలా బస్సులో వేసి పంపిస్తారు. బస్తా మూతి విప్పగానే మా అత్తయ్యగారు గుప్పెడు బియ్యం తీసి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూసి, "ఇంకా పచ్చిదనం పోలేదు, అరిసెలకు బాగా కుదురుతుంది" అని తేల్చారు. మా ఇంట్లో సంక్రాంతి పనులకు కొబ్బరికాయ కొట్టినట్టు లెక్క ఆ మాటే.

స్వర్ణ అంటే మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029 రకం. హైదరాబాదులో రోజూ మేము తినేది సన్నబియ్యమే, అంటే బాపట్ల నుంచి వచ్చిన బి.పి.టి. 5204, లేదా ఆ పేరుతో కొట్లో అమ్మేది. పెళ్ళయిన కొత్తలో అరిసెలకు కూడా ఆ సన్నబియ్యమే నానబోస్తే సరిపోదా అని అడిగినందుకు అత్తయ్యగారు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. కొత్త బియ్యానికి జిగురు ఎక్కువ, దానికి తోడు కాస్త దొడ్డు గింజ అయితే పిండి పాకాన్ని బాగా పట్టుకుని అరిసె మెత్తగా వస్తుందని ఆవిడ చెబుతారు. రెండూ చేసి చూశాను కనుక ఈ విషయంలో నేను ఆవిడ పక్షమే.

ఒకప్పుడు మా ఊరి నుంచి డబ్బాలు హైదరాబాదు వచ్చేవి. మామయ్యగారు పోయి, అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చిన ఈ ఆరేళ్ళుగా దారి తిరగబడింది. పిండివంటలు ఇక్కడ అపార్టుమెంటు మూడో అంతస్తులో వండి, డబ్బాలకెత్తి, గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దాకా మోసుకెళ్ళి, అక్కడి నుంచి ఊరికి చేరుస్తాం. తాళం వేసి ఉన్న ఇల్లు నాలుగు రోజులు తెరుస్తాం. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడకపోతే అత్తయ్యగారికి పండగ జరిగినట్టే ఉండదు; చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి ఆ కొబ్బరితోటలో కలుసుకునే రోజు అది. రైలు రిజర్వేషన్లు 120 రోజుల ముందు తెరిచే రోజుల్లో వినాయక చవితి పిండివంటలు తింటూ సంక్రాంతి టిక్కెట్లు తీసుకునేవాళ్ళం. 2024 నవంబరు నుంచి ఆ గడువు 60 రోజులకు తగ్గింది కాబట్టి ఇప్పుడు ఆ కంగారంతా కార్తీకమాసంలో పడుతున్నాం.

టిక్కెట్టు దొరికిన తేదీకి ముందు వచ్చే శనివారం అరిసెల రోజు. శుక్రవారం పొద్దున్నే రెండు కిలోల బియ్యం కడిగి నానబోయాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి, శనివారం పొద్దున బుట్టలో వాడ్చి, పాత నూలుచీర మీద పలచగా ఆరబోయాలి. ఎంతసేపు ఆరాలన్నది గడియారం చెప్పదు. గుప్పెడు బియ్యం పట్టుకుని పిడికిలి బిగించి వదిలితే ముద్ద విడిపోకుండా నిలవాలి, అరచేతికి తడి తగలాలి, నీరు మాత్రం అంటకూడదు. ఆ అదను దాటితే పిండి పొడిబారిపోతుంది, పొడిపిండితో చేసిన అరిసె గట్టిగా అప్పచ్చిలా వస్తుంది. అందుకే కొట్లో దొరికే బియ్యప్పిండి పొట్లం ఈ పనికి బొత్తిగా పనికిరాదు.

పల్లెటూళ్ళో అయితే పండగ వారంలో తడి బియ్యానికని ఒక మరను విడిగా ఉంచుతారు. ఇక్కడ మొదటి ఏడాది మా వీధి చివరి మర దగ్గరికి గిన్నెతో వెళితే, రాళ్ళకు పిండి అంటుకుపోతుందని అతను మూత కూడా తీయనివ్వలేదు. తప్పు పట్టడానికి లేదు, తరవాత వచ్చే గోధుమలవాళ్ళు ఊరుకోరు కదా. రెండు కిలోమీటర్ల అవతల ఇంకో మర ఉంది. సంక్రాంతి ముందు పది రోజులూ పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ తడి బియ్యమే ఆడతారు. ఆ వరసలో నిలబడితే గోదావరి జిల్లాల యాస, గుంటూరు యాస, కరీంనగర్ యాస అన్నీ ఒక్కచోట వినబడతాయి. గిన్నెల మీద కప్పిన తడిగుడ్డలు మాత్రం అందరివీ ఒకేలా ఉంటాయి.

పిండి ఇంటికి చేరాక జల్లించి, అరచేత్తో అదిమి, గాలి తగలకుండా తడిగుడ్డ కప్పి ఉంచాలి. ఇక అప్పటి నుంచి ఇల్లంతా ఆ గిన్నె చెప్పినట్టు నడుస్తుంది. మధ్యాహ్నానికి పాకం పట్టకపోతే పిండి ఆరిపోతుంది, మర్నాటికి ఉంచితే పులిసిపోతుంది. "తడిపిండి ఆగదమ్మా" అన్నది అత్తయ్యగారి నోట నేను ఎక్కువసార్లు విన్న మాట. సినిమాలూ సమావేశాలూ సంబంధాల కబుర్లూ ఏవైనా వాయిదా వేయవచ్చుగాని ఈ గిన్నెను వాయిదా వేయడానికి లేదు. పాకం దించి పిండి కలిపేటప్పుడు ఒకరు గుప్పెళ్ళతో పిండి పోస్తూ ఉండాలి, ఒకరు తెడ్డుతో ఉండకట్టకుండా తిప్పుతూ ఉండాలి, ఒకరు మసిగుడ్డతో గిన్నె కదలకుండా పట్టుకోవాలి. ముగ్గురికి తక్కువైతే కుదరదు. మా మరిది కుటుంబం ఉప్పల్ నుంచి ఊరంతా దాటుకుని మా ఇంటికి తప్పనిసరిగా వచ్చే శనివారం ఏడాదికి ఇదొక్కటే. ఆ సంగతి వాళ్ళను అడిగినా ఒప్పుకుంటారు.

అసలు విద్య పాకం దగ్గర ఉంది. అత్తయ్యగారి లెక్క మానికకు ఇన్ని సోలల బెల్లం అని ఉండేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని నేను కాగితం మీద వేసుకుని, చివరికి రెండు కిలోల బియ్యానికి కిలోన్నర బెల్లం అని కిలోల్లోకి తెచ్చుకున్నాను. బెల్లం అనకాపల్లిది, అదీ ముదురు రంగుదే తీసుకుంటాం. హైడ్రోస్ కలిపి తెల్లగా మెరిపించిన దిమ్మను ఆవిడ ఇంట్లోకి రానివ్వరు. బెల్లం దంచి, గ్లాసుడు నీళ్ళు పోసి కరిగించి, ఇసుకా నలకా పోయేలా వడకట్టి, మళ్ళీ దళసరి గిన్నెలో పొయ్యి మీద పెడతాం. పక్కన చిన్న పళ్ళెంలో చన్నీళ్ళు ఉంటాయి. మొదట వేసిన చుక్క నీళ్ళలో కరిగిపోతుంది. కాసేపటికి వేసింది తీగలా సాగుతుంది. ఆ తరవాత ఆవిడ ఇక ఎవరితోనూ మాట్లాడరు. గరిటెతో చుక్క వేయడం, చూపుడువేలితో పళ్ళెం అంచుకు లాగడం, ఉండ చేసి వదలడం, ఇలా నాలుగైదుసార్లు జరుగుతుంది. "ఉండ కూర్చోవాలి, పడుకోకూడదు" అంటారు. అంటే నీళ్ళలోంచి తీసిన ఉండ పళ్ళెం మీద గుండ్రంగా నిలవాలి, చదునుగా జారిపోకూడదు. పళ్ళేనికి కొడితే ఠంగుమని మోగిందంటే అరిసెల పాకం దాటిపోయి వేరుశనగ అచ్చుల పాకానికి వెళ్ళిపోయిందని అర్థం.

ఈ రెండింటి మధ్య ఉండే వ్యవధి ఒక నిమిషమో, నిమిషంన్నరో. నాలుగేళ్ళ క్రితం అత్తయ్యగారికి కంటి ఆపరేషను జరగడంతో పొయ్యి దగ్గర నిలబడే బాధ్యత నాకు వచ్చింది. సరిగ్గా తీగ పాకం దాటుతున్న సమయంలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, నేను "ఒక్క నిమిషం" అంటూ తీశాను. ఆ ఏడాది మేము చేసిన తొంభై అరిసెల్లో ఒక్కటీ పంటికి లొంగలేదు. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు కానీ, ఊళ్ళో పంచడానికి మాత్రం ఒక్కటి కూడా తీయలేదు. ఆ అరిసెలను మేమే ఇడ్లీ పాత్రలో ఆవిరి పెట్టుకుని ఫిబ్రవరి దాకా తిన్నాం. ఆవిరి పెడితే బాగానే మెత్తబడతాయి, ఎవరికైనా ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

ఆ మరుసటి ఏడాది మా అబ్బాయి కేకుల కోసం కొనుక్కున్న థర్మామీటరు తెచ్చి గిన్నెలో పెట్టాడు. పంచదార పాకం మెత్తటి ఉండకట్టే దశ సుమారు 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉంటుందని వాడు చదివి వచ్చాడు. ఆ రోజు అత్తయ్యగారు "దించండి" అన్నప్పుడు అది 114 చూపించింది, వాడు గంతులు వేశాడు. కిందటేడు ఆవిడ దించమన్నది మాత్రం 118 దగ్గర. బెల్లం పంచదారలాగా ఎప్పుడూ ఒకే సరుకు కాదు కదా, దిమ్మ దిమ్మకూ తేమా మడ్డీ మారుతూ ఉంటాయి. ఆవిడ థర్మామీటరును తీసిపారేశారని మీరు అనుకుంటే పొరపాటు. "పాకానికి నాకిది అక్కర్లేదురా, నూనెకి మాత్రం భలేగా ఉంది" అని మనవడి దగ్గర నుంచి తీసుకుని, అది ఇప్పుడు తన పోపుల పెట్టె పక్కన పెట్టుకున్నారు.

దించిన పాకంలో యాలకుల పొడి, చెంచాడు నెయ్యి వేసి పిండి కలిపితే చలిమిడి తయారవుతుంది. అది గరిటె మీద నుంచి ముద్దగా జారాలి, చపాతీ పిండిలా గట్టిపడకూడదు. నిమ్మకాయంత ఉండ తీసి, నువ్వులద్ది, నెయ్యి రాసిన అరిటాకు ముక్క మీద వేళ్ళతో తట్టి నూనెలో వదిలితే ముందు మునిగి, తరవాత తేలి, పూరీలా కాస్త పొంగుతుంది. పొంగిందంటే పాకం కుదిరినట్టే. రెండువైపులా ఎర్రబడ్డాక తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కుతాం. ఈ నొక్కే పని ఇంటి మగవాళ్ళది. చెక్క అంచు నుంచి నూనె బొట్లు బొట్లుగా గిన్నెలోకి కారుతుంటే మా మరిది అది ఎంత వచ్చిందో చూసుకుని మురిసిపోతాడు.

మొదటి వాయి దేవుడి దగ్గర పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. నూనె అయిపోతోంది అనకూడదు, నిండుకుంటోంది అనాలి. బయటివాళ్ళు ఆ సమయంలో వంటింటి గుమ్మం దాటితే దిష్టి తగిలి బాణలి నూనె తాగేస్తుందని అత్తయ్యగారి గట్టి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు, అయినా అరిసెలప్పుడు కాలింగ్ బెల్ మోగితే నేను కూడా తలుపు ఓరగానే తీస్తాను.

మిగిలిన వంటలకు ఇంత కథ లేదు. పొట్టు మినుములు వేయించి, బెల్లమూ నెయ్యీ కలిపి సున్నుండలు చుడతాం. జంతికలు గొట్టంతో రెండు గంటల్లో అయిపోతాయి. సకినాలు మాత్రం మా తోటికోడలి సొత్తు, ఆమెది కరీంనగర్. అదే తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, గుడ్డ పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చుట్లు వేస్తుంది. నేను ప్రయత్నిస్తే రెండో చుట్టు దగ్గరే తెగిపోతుంది. "గట్ల కాదక్కా, వేలు తిరగాలె, చెయ్యి తిరగొద్దు" అని తొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉంది. మొదట్లో సకినాలను కొంచెం అనుమానంగా చూసిన అత్తయ్యగారు ఇప్పుడు ఊళ్ళో పంచే డబ్బాల్లో అందరికీ నాలుగేసి సకినాలు పెట్టమని లెక్క చెబుతారు.

ఈసారి లెక్క తప్పింది. శనివారం పొద్దున బియ్యం ఆడించి తెచ్చాక మా మరిదికి ఆఫీసులో ఏదో సిస్టం ఆగిపోయిందని పిలుపు వచ్చింది. సాయంత్రానికి వస్తామన్నవాళ్ళు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. అంతదాకా అత్తయ్యగారు గంటకోసారి గుడ్డ తడిపి పిండి మీద కప్పుతూ, ఎవరినీ ఏమీ అనకుండా, అందరికీ వినపడేలా నిట్టూరుస్తూ గడిపారు. పదిన్నరకు పొయ్యి మీద బెల్లం పెట్టాం. పదకొండుంబావుకు ఉండ కూర్చుంది. ఆఖరి వాయి దించేసరికి ఒంటిగంట దాటింది. మా అబ్బాయి లెక్క ప్రకారం ఎనభై ఎనిమిది వచ్చాయి, వాడు తిన్నవి కలపకుండా.

బాణలి దించుతుండగా కాలింగ్ బెల్ మోగింది. అంత రాత్రి రోకలి చప్పుడు లేకపోయినా గిన్నెల చప్పుడైనా వినబడి ఉంటుంది, కింది అంతస్తువాళ్ళు గొడవకు వచ్చారేమోనని భయపడుతూ తలుపు ఓరగా తీశాను. కింద కొత్తగా దిగిన అమ్మాయి, చేతులకు పిండి, జుట్టు ముడి జారిపోయి ఉంది. "ఆంటీ, వాసన వచ్చింది, మీరు మెలకువగానే ఉన్నారని వచ్చాను. మా అమ్మ ఫోనులో చెబుతోంది కానీ పాకం నాకు తెలియడం లేదు. పిండి తడిగా ఉంది, రేపటికి ఉండదంటున్నారు. పెద్దావిడ ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంది.

నేను వెనక్కి తిరిగేసరికి అత్తయ్యగారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. నీళ్ళ పళ్ళెం ఒక చేతిలో, కళ్ళజోడు ఇంకో చేతిలో ఉన్నాయి. పరాయి వంటింట్లోకి వెళితే వాళ్ళ నూనె సంగతేమిటని నేను గొంతు తగ్గించి అడిగాను. "వాళ్ళ నూనె వాళ్ళు చూసుకుంటారులే, ముందు పిండి సంగతి చూడనీ" అంటూ ఆవిడ మెట్లు దిగారు.